నీటిని చూసి పక్షిని వెతకడం: నెల్లూరు, ప్రకాశం తీరంలో పక్షుల వీక్షణకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు తీరంలో పక్షులను చూడాలనుకునేవారు సాధారణంగా ఎక్కడికి వెళ్తే బాగుంటుందని అడుగుతారు. దానికి ఒక ఊరి పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే పోయిన నెల వేల పక్షులతో కళకళలాడిన చోటు ఈ నెల బోసిగా ఉండవచ్చు, నిన్నటిదాకా నెర్రెలిచ్చి ఉన్న కయ్యలో (పొలం మడిలో) ఒక్క వానతో కొంగలు బారులు తీరవచ్చు. నీటికాకి మునిగి చేపను తరమాలంటే లోతు కావాలి. గూడబాతుకు (పెలికాన్‌కు) ఈదుతూ ముక్కుసంచితో నీటిని తోడుకునేంత జాగా కావాలి. రాజహంసకు (ఫ్లెమింగోకు) కాళ్లు మునిగే నీరు, కింద మెత్తటి బురద ఉంటే చాలు. ఉత్తర ధ్రువ ప్రాంతం నుంచి చలికాలం గడపడానికి వచ్చే పిడికెడంత ఉల్లంకి పిట్టలకైతే అంగుళం నీరు కూడా ఎక్కువే. అందువల్ల ఏ చెరువుకు, ఏ కయ్యకు వెళ్లినా ముందు నీటి లోతును గమనించి, ఆ లోతుకు తగిన పక్షి ఏదో అనుకొని, ఆ తర్వాత దుర్భిణి ఎత్తే అలవాటు చేసుకోవాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ అలవాటు చుట్టూ అల్లుకున్నవే.

ఒక మాట ముందే చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, నేలపట్టు, పులికాట్ సరస్సు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. పక్షులకు ఆ సరిహద్దు లేదు గనుక, నెల్లూరు నుంచి బయలుదేరేవారికి అవి ఇప్పటికీ మన దారిలోని చోట్లే గనుక, వాటిని ఇందులో కలిపే రాస్తున్నాను.

మొదటి మెట్టు: నెలను ఎంచుకోవడం

మన తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఆ వానతోనే చెరువులు నిండుతాయి, కలుజులు (చెరువు అలుగులు) పారుతాయి, పక్షుల ఏడాది మొదలవుతుంది. గోదావరి, కృష్ణా ప్రాంతాల వారి లెక్కతో జూన్, జూలై నెలల్లో ఇక్కడికి వస్తే ఎండిన చెరువు అడుగులు కనిపిస్తాయి.

అక్టోబరు చివరికి నేలపట్టు చెరువులో కడప చెట్లు మొదళ్ల దాకా నీటిలో మునుగుతాయి. గూడబాతుల గూళ్లకు ఆ నీరే కాపలా. చెట్టు చుట్టూ నీరు నిలిచి ఉంటే నక్క గానీ, అడవిపిల్లి గానీ, మనిషి గానీ గూడు దగ్గరకు సులభంగా రాలేరు. వానలు వెనకపట్టు పట్టిన ఏడాది పక్షుల రాక ఆలస్యమవుతుంది, గూళ్ల సంఖ్య తగ్గుతుంది. కనుక వెళ్లే ముందు నేలపట్టు వైపు వాన ఎలా పడిందో, చెరువులోకి నీరు చేరిందో లేదో ఆ దారిలో తిరిగేవారిని ఎవరినైనా అడిగి తెలుసుకోవడం అన్నిటికన్నా ముఖ్యమైన సన్నాహం.

నవంబరు నుంచి జనవరి దాకా గూళ్లు, గుడ్లు, పిల్లలు చూడవచ్చు. జనవరి చివరి నుంచి చెరువుల్లో నీరు తగ్గుతూ చేపలు కొద్ది చోటులోకి చేరతాయి, పెరిగే పిల్లలకు మేత పెట్టడానికి పెద్ద పక్షులకు అది అనువైన కాలం. పులికాట్‌లో రాజహంసల గుంపులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కూడా బాగా కనిపిస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలలను చాలామంది వదిలేస్తారు గానీ నాకు మాత్రం అవి ప్రియమైన నెలలు. చలికాలమంతా బూడిదరంగులో ఒకేలా కనిపించిన కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్టలు తిరుగు ప్రయాణానికి ముందు ఇటుకరంగులోకి మారడం అప్పుడే చూడగలం. ఎండాకాలంలో జనం అంతగా రారు గనుక తీరం కూడా ప్రశాంతంగా ఉంటుంది.

తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం తీరానికి వెళ్లే ఆలోచనే వద్దు. కాలవలు, వాగులు గంటల్లో పొంగుతాయి, బురద దారుల్లో బండి కూరుకుపోతే సాయం చేసేవారు ఉండరు.

రెండో మెట్టు: చోటును ఎంచుకోవడం

కొత్తవారు నేలపట్టుతో మొదలుపెట్టడం మంచిది. దొరవారిసత్రం మండలంలోని ఈ చెరువు 1976 నుంచి పక్షుల సంరక్షణ కేంద్రంగా ఉంది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు, అందులో కొంత చెరువు, కొంత పొదలతో నిండిన మెట్ట అడవి. గూడబాతులతోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు ఇక్కడ ఒకే చెట్టు మీద అంతస్తుల వారీగా గూళ్లు కట్టుకుంటాయి. కట్ట మీద నిలబడితే పక్షి గూటిలో ఏం చేస్తున్నదో దుర్భిణితో స్పష్టంగా కనిపిస్తుంది కనుక, పక్షి పేరు కన్నా దాని బతుకును ముందు చూసే అవకాశం కలుగుతుంది. పిల్ల గూడబాతు తల్లి ముక్కుసంచిలోకి మెడదాకా దూరి చేపను తీసుకునే దృశ్యాన్ని మొదటిసారి చూసినవారు తల్లి పిల్లను మింగేస్తున్నదని కంగారు పడతారు. ఉదయం ఆరున్నరకల్లా చేరాలి, కానీ తొమ్మిది దాటగానే వెనుదిరగకూడదు. నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక గూడబాతులు ఆ గాలి మీద చుట్లు తిరుగుతూ ఎత్తుకు వెళ్లి, రెక్క ఆడించకుండా మేత చెరువుల వైపు సాగిపోతాయి. ఆ ప్రయాణం చూడకుండా తిరిగి వస్తే నేలపట్టును సగమే చూసినట్టు.

అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా పులికాట్ చేరవచ్చు. చిలకా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది గనుక, పడవ ఎక్కకుండానే రెండు వైపులా పక్షులను చూడగలిగే అరుదైన చోటు ఇది. రోడ్డు మీద వాహనాలు వేగంగా పోతుంటాయి కాబట్టి బండిని పూర్తిగా పక్కకు తీసి ఆపాలి. రోడ్డు చివర ఉన్నది ఇస్రో వారి కేంద్రం కనుక ఆ ద్వారం దగ్గర కెమెరా బయటికి తీయకూడదు, డ్రోన్ మాట అసలే తలపెట్టకూడదు. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ రోజుల్లో ఇక్కడ జనం కిక్కిరిసి ఉంటారు. పిల్లలకు పక్షుల మీద ఇష్టం కలిగించడానికి ఆ పండుగ మంచిదే గానీ, నింపాదిగా చూడాలనుకునేవారు మామూలు మంగళవారమో బుధవారమో రావాలి.

నెల్లూరు దగ్గరలోని చోట్లకు ఇంత పేరు లేదు, కానీ నెలకు నాలుగుసార్లు వెళ్లగలిగేవి అవే. పట్నం అంచున ఉన్న నెల్లూరు చెరువులో ఉదయం నడకకు వెళ్లినవారు కూడా నీటికాకులను, బొల్లికోళ్లను, గుడ్డికొంగలను చూడవచ్చు. బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి కనిగిరి రిజర్వాయరు చుట్టుపక్కల కయ్యల్లో నాట్లకు ముందు దమ్ము చేస్తున్నప్పుడు ట్రాక్టరు వెనుక కొంగల గుంపులు నడుస్తాయి. మైపాడు వైపు తీరం, కృష్ణపట్నం దగ్గర కండలేరు సముద్రంలో కలిసే పాయ, అల్లూరు మండలంలోని ఇస్కపల్లి ఉప్పు కయ్యలు, బకింగ్‌హాం కాలువ గట్లు ఉల్లంకి పిట్టలను నేర్చుకోవడానికి బడి లాంటివి. ప్రకాశం వైపు కొత్తపట్నం, పాకల తీరాలు, మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ రిజర్వాయరు, లోపలికి వెళ్తే కంభం చెరువు చూడదగినవి.

రొయ్యల గుంటల గురించి విడిగా చెప్పాలి. రొయ్యలు పట్టేశాక గుంటలోని నీటిని వదిలేసి అడుగును ఎండబెట్టే నాలుగైదు రోజులు ఆ బురదలో పురుగుల కోసం పిట్టలు విపరీతంగా దిగుతాయి. అయితే తెల్లమచ్చ వంటి జబ్బులు ఒక గుంట నుంచి మరో గుంటకు పాకుతాయన్న భయంతో రైతులు చుట్టూ వలలు కట్టి, బయటివారిని గట్టు ఎక్కనివ్వరు. ఆ భయం న్యాయమైనది. లక్షల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న రైతులు ఈ తీరమంతటా ఉన్నారు. అడిగి, అనుమతి ఇస్తే బయటి దారి మీద నిలబడి చూడాలి, లేదంటే నమస్కారం పెట్టి ముందుకు సాగాలి.

మూడో మెట్టు: పోటును, ఎండను లెక్క వేసుకోవడం

సముద్రానికి ఆనుకున్న పాయల్లో నీటి లోతు గంట గంటకూ మారుతుంది. పోటు రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది, ఇవాళ్టి సమయం కన్నా రేపటి సమయం సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్య, పున్నమి రోజుల తర్వాత తేడా ఎక్కువగానూ, అష్టమి ప్రాంతంలో తక్కువగానూ ఉంటుంది. మన తీరంలో ఎక్కి దిగే ఎత్తు చాలా పెద్దది కాదు, కానీ బల్లపరుపుగా ఉన్న బురద మేట మీద జానెడు నీరు తగ్గినా ఎకరాల కొద్దీ మేత నేల బయటపడుతుంది.

దీన్ని వాడుకునే పద్ధతి ఇది. నీరు బాగా తగ్గి ఉన్నప్పుడు పక్షులు దూరంగా, చెల్లాచెదురుగా మేస్తుంటాయి, వాటిని చూడడం కష్టం. నీరు ఎక్కడం మొదలైన రెండు గంటల్లోపే గట్టు మీద ఒక చోట కూర్చోవాలి. నీరు ముందుకు వచ్చే కొద్దీ పక్షులే మెల్లగా మన వైపు జరుగుతాయి. పోటు నిండుగా ఉన్నప్పుడు అవన్నీ ఇసుక దిబ్బ మీదకో, ఉప్పు కయ్యల గట్ల మీదకో చేరి ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి. లెక్క పెట్టడానికి అది సరైన సమయం. ముఖద్వారాలకు దూరంగా ఉన్న పులికాట్ భాగాల్లో ఈ లెక్క అంతగా పనిచేయదు, అక్కడ గాలి ఎటు వీస్తున్నదో, ఎన్నాళ్లుగా వాన లేదో చూసుకోవాలి.

పోటు పట్టికలు ఫోనులో దొరుకుతాయి, కానీ ఊరి పాయలో నీరు ఎప్పుడు తిరుగుతుందో వల వేసేవారికి తెలిసినంత కచ్చితంగా పట్టికకు తెలియదు. ఇస్కపల్లిలో ఒకసారి నేను తొందరపడి బురదలోకి దిగబోతుంటే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఆపి, "పొద్దెక్కేదాకా ఉండు నాయనా, మెరక బయటపడద్ది, అప్పుడు పిట్టలన్నీ దాని మీదకే వస్తాయి" అన్నారు. గంటన్నర కూర్చున్నాను. ఆయన చూపించిన మెరక తేలగానే అంతదాకా కంటికి ఆనని పిట్టలు గుంపుగా దిగి, నాకు ముప్పై అడుగుల దూరంలో మేయడం మొదలుపెట్టాయి.

ఇక ఎండ. మన తీరంలో సూర్యుడు సముద్రం మీద పొడుస్తాడు. ఉదయం పూట సముద్రం వైపు చూస్తే ప్రతి పక్షీ నల్లటి బొమ్మలా కనిపిస్తుంది, సముద్రానికి వీపు పెట్టి పాయ వైపు చూస్తే రంగులన్నీ తెలుస్తాయి. సాయంత్రానికి ఇది తలకిందులవుతుంది. శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకు పోతుంది, చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు. అందువల్ల ఆ రోడ్డుకు ఉత్తరం వైపున్న పక్షులు రోజంతా మంచి వెలుగులో కనిపిస్తాయి. మొదటి రెండేళ్లు ఈ చిన్న సంగతి గ్రహించక, దగ్గరగా ఉన్నాయని దక్షిణం వైపు గుంపుల మీదే సమయమంతా పెట్టి, అవి పెద్ద రాజహంసలో చిన్న రాజహంసలో తేల్చుకోలేక తిరిగి వచ్చాను.

నాలుగో మెట్టు: వెంట ఉండవలసినవి

దుర్భిణి ఒక్కటే తప్పనిసరి. దాని మీద 8x42 అని ఉంటే, 8 అన్నది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అన్నది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతాయి. కొత్తవారు 12 రెట్లు, 20 రెట్లు అని రాసి ఉన్నవాటి వైపు మొగ్గుతారు, కానీ రెట్లు పెరిగిన కొద్దీ చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, తీరం గాలికి బొమ్మ నిలవదు. 8x42 ఈ పనికి సరిపోతుంది. కొన్నాక ముందుగా రెండు గొట్టాలను మన కళ్ల ఎడానికి సర్దుకోవాలి. కుడి గొట్టాన్ని అరచేత్తో మూసి, దూరపు బోర్డు మీది అక్షరాలు ఎడమ కంటికి స్పష్టమయ్యేదాకా మధ్య చక్రాన్ని తిప్పాలి. తర్వాత ఎడమ గొట్టాన్ని మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న వలయాన్ని తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేసుకోవాలి. ఆ వలయాన్ని ఇక కదపనక్కరలేదు. కళ్లజోడు ఉన్నవారు రబ్బరు అంచులను కిందికి మడవాలి. ఇది చేయకుండా ఏళ్ల తరబడి తలనొప్పితో చూసినవారు నాకు తెలుసు.

పులికాట్ వంటి విశాలమైన చోట మూడుకాళ్ల స్టాండు మీద పెట్టే టెలిస్కోపు ఉంటే మేలు, కానీ మొదటి ఏడాదే కొనవలసిన అవసరం లేదు. నీళ్ల సీసా, టోపీ, మట్టిరంగు బట్టలు, జారని చెప్పులు లేదా బూట్లు, పెన్సిలు, చిన్న పుస్తకం సరిపోతాయి. తీరం గాలిలోని ఉప్పు తేమ అద్దాల మీద పేరుకుంటుంది గనుక ఇంటికి రాగానే ముందు ఊది, తర్వాత మంచినీటితో కాస్త తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడిగా రుద్దితే ఉప్పు, ఇసుక రేణువులు అద్దాన్ని గీస్తాయి.

ఐదో మెట్టు: దగ్గరకు వెళ్లడం

పక్షి మేత మానేసి తల ఎత్తి మనవైపు చూసిందంటే అది మొదటి హెచ్చరిక. అటూ ఇటూ నడక మొదలుపెడితే రెండోది. ఆ రెండో దశకు రాకముందే ఆగిపోవాలి. నేరుగా నడవకుండా పక్కకు వెళ్తున్నట్టు ఏటవాలుగా నడవాలి, గట్టు మీద నిలువుగా నిలబడకుండా దిగువన కూర్చోవాలి. బండి దిగకుండా అద్దం దించి చూస్తే పక్షులు చాలాసార్లు అసలు పట్టించుకోవు. గుంపులో అందరికన్నా ముందు అరిచేవి తీతువులు, ఎర్రకాళ్ల రెడ్‌షాంక్ పిట్టలు. వాటిని లేపితే చుట్టుపక్కల ఉన్నవన్నీ లేస్తాయి కనుక, ముందు వాటి జాడ చూసుకొని, వాటికి దూరంగా కూర్చోవడం మంచిది.

పాయల బురద పైకి గట్టిగా కనిపించి మోకాలి దాకా దిగబడుతుంది. పక్షి కోసం దానిలోకి దిగవద్దు.

ఆరో మెట్టు: గుర్తుపట్టడం

రంగుతో మొదలుపెట్టవద్దు. రంగు వెలుగును బట్టి, వయసును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. పక్షి ఎంత లోతు నీటిలో ఉంది, ముక్కు ఎలా ఉంది, ఎలా మేస్తున్నది, ఎగిరితే మెడ ఎలా పెట్టుకుంటున్నది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుంటే పేరు దాదాపు దానంతట అదే తేలుతుంది.

మెడ సంగతి ముందుగా చెప్పుకుందాం. దూరంగా పెద్ద పక్షి ఎగురుతూ కనిపిస్తే, మెడను మడిచి భుజాల మధ్య పెట్టుకున్నది తెల్లకొంగో, నారాయణ పక్షో, గూడబాతో అయి ఉంటుంది. మెడను ముందుకు చాచినది ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, కంకణం, తెడ్డుమూతి కొంగ, రాజహంసల్లో ఒకటి. ఈ ఒక్క గుర్తుతో సగం గందరగోళం తీరిపోతుంది.

మామూలు తెల్లకొంగల్లో నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పసుపుపచ్చ వేళ్లు ఉంటే అది చిన్న తెల్లకొంగ. నోటి చీలిక గీత కంటిని దాటి వెనక్కు పోతే పెద్ద తెల్లకొంగ. తీరం రాళ్ల మీద ఒంటరిగా నల్లబూడిద రంగు కొంగ కనిపిస్తే అది రీఫ్ కొంగ కావచ్చు.

ముక్కు గురించి చెప్పాలంటే నత్తగుల్ల కొంగను మించిన పాఠం లేదు. డిసెంబరులో కయ్యల దగ్గర కదలకుండా కూర్చుంటే ఇది ఇరవై అడుగుల దూరంలోకి వస్తుంది. దాని పై ముక్కుకూ కింది ముక్కుకూ నడుమ వెలుగు కనిపించేంత సందు ఉంటుంది. ముక్కు కొనను నీటిలో పెట్టి మెల్లగా తడుముతూ నడుస్తుంది, హఠాత్తుగా ఆగుతుంది, నత్తను నేలకు అదిమిపెట్టి తలను రెండు మూడుసార్లు చిన్నగా వణికిస్తుంది. గుల్ల పగిలిన చప్పుడు వినిపించదు. కింది ముక్కు కొనను గుల్ల మూత కిందకు దూర్చి కండను తెంచి, మెత్తటి నత్తను మాత్రం లాగి మింగుతుంది, చెక్కుచెదరని గుల్ల బురదలో మిగులుతుంది. అది ఎగిరిపోయాక వెళ్లి ఆ గుల్లను చేతిలోకి తీసుకొని చూడండి. ఇంకో సంగతి, పిల్ల కొంగలకు ఆ సందు ఉండదు, పెరిగే కొద్దీ ఏర్పడుతుంది. కాబట్టి సందు లేదని పేరు మార్చకండి.

రాజహంస మేత కూడా అంతే చూడదగినది. తలను పూర్తిగా బోర్లా పెట్టి, నాలుకతో నీటిని లోపలికి లాగి, ముక్కు అంచున ఉన్న జల్లెడ లాంటి పళ్లతో సన్నటి జీవులను వడపోసుకుంటుంది. ఒక్కోసారి ఒకే చోట కాళ్లతో బురదను తొక్కుతూ గుండ్రంగా తిరుగుతుంది. దాని గులాబీ రంగు ఆ మేతలోని వర్ణకాల వల్ల వచ్చేదే. గుంపులో బూడిదరంగువి కనిపిస్తే అవి వేరే జాతి కావు, ఇంకా రంగు పట్టని పిల్లలు. పొట్టిగా ఉండి, ముక్కు ముదురెరుపుగా ఉన్నది చిన్న రాజహంస. పెద్ద రాజహంస ముక్కు లేత గులాబీగా ఉండి కొన మాత్రమే నల్లగా ఉంటుంది.

అన్నిటికన్నా కష్టపెట్టేవి ఉల్లంకి జాతివి, ప్లోవర్లు. వీటికి నడక చూడాలి. ప్లోవర్ పరుగెత్తి, టక్కున ఆగి, ఒక్కసారి పొడిచి, మళ్లీ పరుగెత్తుతుంది, ఎందుకంటే అది కంటితో వెతుకుతుంది. ఉల్లంకి ఆగకుండా నడుస్తూ ముక్కుతో తడుముతుంది. గాడ్‌విట్ పొడవాటి ముక్కును రోకటి పోట్లలా నిలువుగా దించుతుంది. అవోసెట్ పైకి వంగిన ముక్కును కొడవలిలా అటూ ఇటూ విసురుతుంది. కర్లూ ముక్కు కిందికి వంగి తల కన్నా చాలా పొడవుంటుంది. గులాబీ కాళ్లతో కర్రల మీద నడుస్తున్నట్టు కనిపించేది నల్లరెక్కల స్టిల్ట్. ఉప్పు కయ్యల గట్ల మీద ఏడాదంతా ఉండే చిన్న తెల్లటి ప్లోవర్‌ను జాగ్రత్తగా చూడండి. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ స్థిరంగా ఉండే ఆ రకాన్ని 2023లో కెంటిష్ ప్లోవర్ నుంచి వేరుచేసి హనుమాన్ ప్లోవర్ అన్న పేరుతో గుర్తించారు.

పేర్లను ఊరివారిని అడిగి రాసుకోవడం మరవకండి. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డాన్ తన పక్షుల రాతల్లో తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. మన కలివికోడికి ప్రపంచంలో ఆయన పేరే (జెర్డాన్స్ కోర్సర్) ఉంది. చింతవక్క, నారాయణ పక్షి, బొల్లికోడి వంటి పేర్లు ఇంకా నోళ్లలో ఉన్నాయి. ఒక్కో పాళెంలో ఒక్కో పేరు వినిపిస్తుంది కనుక, ఏ ఊళ్లో ఎవరు ఏమన్నారో పక్కనే రాసి ఉంచాలి.

ఏడో మెట్టు: లెక్క పెట్టడం, రాయడం

వందల పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించలేము. గుంపు ఒక చివర పది పక్షులను లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టాయో కంటితో కొలవాలి. ఆ కొలతతో గుంపును పదులుగా, చాలా పెద్దదైతే వందలుగా కొలుచుకుంటూ పోవాలి. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, మళ్లీ ఒకసారి చేసి, మూడింటిలో నడుమ వచ్చిన సంఖ్యను తీసుకోవాలి. గుంపు మధ్యలో పక్షులు కిక్కిరిసి ఉంటాయి గనుక కొలతను అంచునే కాక మధ్యలో కూడా సరిచూసుకోవాలి.

పుస్తకంలో తేదీ, తిథి, సమయం, చోటు, నీరు ఎక్కుతున్నదో తగ్గుతున్నదో, నేల ఎంత బయటపడిందో ముందు రాసి, తర్వాత పక్షులు రాయాలి. ఉదాహరణకు "పుష్య బహుళ విదియ, ఉదయం 7:10, పాయ పడమటి గట్టు, నీరు ఎక్కుతున్నది, మెరక మూడొంతులు మునిగింది, ఎర్రకాళ్ల కొంగలు 14, అందులో గోధుమరంగు పిల్లలు 5, మోకాలి లోతులో ముక్కు తెరిచి నడుస్తూ మేత" అని రాస్తే, మరుసటి ఏడాది అదే తిథికి అదే చోట ఏం ఆశించాలో తెలుస్తుంది. ఆ వివరాలను ఈబర్డ్ (పక్షి వీక్షకులు తమ లెక్కలు పంచుకునే వెబ్‌సైట్) వంటి చోట నమోదు చేస్తే ఇతరులకూ పనికివస్తాయి. ప్రతి జనవరిలో 1987 నుంచి జరుగుతున్న ఆసియా నీటిపక్షుల గణనలో పాల్గొంటే అనుభవం ఉన్నవారి పక్కన నిలబడి లెక్కించడం నేర్చుకోవచ్చు.

ఎనిమిదో మెట్టు: గూళ్ల కాలంలో పాటించవలసినవి

ఇది చివర రాసినా అన్నిటికన్నా ముందు గుర్తుండవలసిన మెట్టు. ఒక ఏప్రిల్ ఉదయం ఉప్పు కయ్యల గట్టు మీద నడుస్తుంటే స్టిల్ట్ పిట్టలు నా తల చుట్టూ తిరుగుతూ కీచుకీచుమని అరిచాయి. అంత దగ్గరగా వచ్చాయన్న సంబరంతో అక్కడే అరగంట నిలబడి ఫొటోలు తీశాను. ఆ తర్వాత కాలి ముందు చూస్తే, ఉప్పు పెళ్లల మధ్య మట్టిరంగు మచ్చలతో నాలుగు గుడ్లు ఉన్నాయి. ఆ ఎండలో గుడ్డును పొదగడమంటే వేడి ఇవ్వడం కాదు, వేడి తగలకుండా కాపాడడం. తల్లి నీటిలోకి వెళ్లి పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. నేను నిలబడిన ఆ అరగంట అవి పచ్చి ఎండలో ఉన్నాయి. గుడ్లు పిల్లలయ్యాయో లేదో చూడడానికి మళ్లీ అటు వెళ్లే ధైర్యం చేయలేదు, వెళ్తే ఇంకోసారి లేపినట్టవుతుంది.

అందువల్ల మార్చి నుంచి ఆగస్టు దాకా గట్ల మీద పిట్ట తల మీదికి దూసుకు వచ్చిందంటే, లేదా రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నటించిందంటే, అక్కడే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కు నడవాలి. నేలపట్టులో కట్ట దిగి చెట్ల దగ్గరకు వెళ్లకూడదు, చప్పట్లు కొట్టి పక్షులను లేపకూడదు. గూడబాతు గూడు వదిలిన నిమిషంలోనే కాకి గుడ్డును ఎత్తుకుపోతుంది. ఫోనులో పక్షి కూతలు వినిపించి పిలవడం గూళ్ల కాలంలో చేయకూడదు. గూడు ఉన్న కచ్చితమైన చోటును ఫొటోతోపాటు అందరికీ పంచవద్దు. కింద పడిన పిల్ల కనిపిస్తే ఎత్తుకొని ఇంటికి తేకుండా అక్కడి అటవీ సిబ్బందికి చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం గూళ్లను, గుడ్లను కదిలించడం నేరం కూడా.

ఈ గూళ్లు ఇన్నాళ్లు నిలిచినదానిలో చుట్టుపక్కల ఊళ్ల పాత్ర ఉంది. రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి బలమని రైతులు నమ్ముతారు, పక్షులు రాని ఏడాది వాన లేని ఏడాది అని వారికి తెలుసు. వారితో మాట్లాడేటప్పుడు మన పుస్తకంలోని జాబితా కన్నా వారి చెరువు సంగతి ముందు అడగాలి. ఈ ఏడు కలుజు ఎప్పుడు పారింది, తూము ఎప్పుడు ఎత్తారు, నీరు ఏ నెల దాకా నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలు అడిగి రాసుకొని వస్తే, వచ్చే అక్టోబరులో మొదటి ప్రయాణం ఏ వారం పెట్టుకోవాలో ఇంట్లో కూర్చునే నిర్ణయించుకోవచ్చు.